రాడార్ తెరపై పక్షుల వలయం

తుపాను వేళల్లో మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ల పేర్లు మనం వార్తల్లో వింటూనే ఉంటాం. రాడార్ ఆకాశంలోకి సూక్ష్మతరంగాలను పంపుతుంది. అవి వానచినుకులను తాకి తిరిగివచ్చే తీరును బట్టి మేఘం ఎంత దూరాన ఉన్నదో, వాన ఎంత జోరుగా పడుతున్నదో తెలుస్తుంది. అయితే పక్షి శరీరంలో కూడా అధికభాగం నీరే. అందువల్ల రాడార్‌కు చినుకులతోపాటు పక్షులూ కనిపిస్తాయి.

ఈ సంగతి తొలుత ఎవరికీ తోచలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ రాడార్ తెరలపై విమానాలు లేనిచోట చుక్కలు కనిపించేవి. సిబ్బంది వాటిని ‘దేవదూతలు’ అని పిలిచేవారు. వాటిలో అనేకం పక్షులేనని డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ అనే శాస్త్రజ్ఞులు 1945లో ప్రకటించారు.

అమెరికాలో 1990ల నుంచి సుమారు 160 డాప్లర్ రాడార్లు వాతావరణాన్ని గమనిస్తున్నాయి. అక్కడ పర్పుల్ మార్టిన్ అనే పక్షి ఉన్నది. ఇది వానకోయిలల కుటుంబానికి చెందినది. ఎగిరే కీటకాలే దీని ఆహారం. వేసవి చివర దక్షిణ అమెరికాకు వలస పోయేముందు ఈ పక్షులు వేలు, లక్షలుగా ఒకేచోట రాత్రి బస చేస్తాయి. సూర్యోదయానికి కాస్త ముందు అన్నీ దాదాపు ఒకేసారి లేచి నలుదిక్కులకూ సాగిపోతాయి. అప్పుడు రాడార్ తెరపై మొదట ఒక చుక్క, కొన్ని నిమిషాలకు చిన్న వలయం, ఆపై పెద్ద వలయం కనిపిస్తాయి. నీటిలో రాయి వేస్తే లేచే అలవంటిదే ఇది. ఆ వలయపు కేంద్రమే బస. సాయంత్రం పక్షులు విడివిడిగా చేరుకుంటాయి గనుక ఇంత స్పష్టమైన రూపం ఏర్పడదు.

బస ఎక్కడ ఉన్నదో తెలియడం పక్షులకు ప్రాణావసరం. లక్షల పక్షులు ఒకేచోట చేరినప్పుడు అక్కడ కలిగే ఒక్క ఆపద ఎంతో నష్టం చేయగలదు. లూసియానా రాష్ట్రంలో పాంచర్‌ట్రెయిన్ సరస్సుపై సుమారు 38 కిలోమీటర్ల వంతెన ఉన్నది. దాని కింద బస చేయడానికి తక్కువ ఎత్తున దూసుకువచ్చే మార్టిన్‌లు వాహనాలకు తగిలి మరణిస్తుండేవి. వంతెన అంచున కంచె కట్టిన తరువాత అవి దానిమీదుగా ఎత్తుగా ఎగరసాగాయి. మరణాలు బాగా తగ్గాయి.

వాతావరణ నిపుణులు వాననే చూడదలచారు. పక్షులు వారికి చెత్త సమాచారం. అదృష్టవశాత్తు ఆ చిత్రాలు భద్రంగా ఉన్నాయి. 1970 తరువాత ఉత్తర అమెరికాలో సుమారు 300 కోట్ల పక్షులు తగ్గాయని 2019లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇటువంటి కాలంలో గడచిన ఏళ్లను తిరగేసి చూడగల సాధనం మరొకటి అరుదు. అమెరికాలోని మహాసరస్సుల ప్రాంతంలో 2000 నుంచి 2020 వరకు తీసిన చిత్రాలను కంప్యూటర్ చేత వెదికించగా, వానకోయిల కుటుంబపు పక్షులు బసకు చేరే కాలం పదేళ్లకు సుమారు రెండు రోజుల చొప్పున ముందుకు వస్తున్నదని తేలింది.

రాడార్‌కు పరిమితులూ ఉన్నాయి. భూమి గుండ్రంగా ఉండటంచేత దూరం పెరిగేకొద్దీ దాని కిరణం నేలకు ఎత్తుగా పోతుంది. తక్కువ ఎత్తున ఎగిరే గుంపు దానికి చిక్కదు. చిక్కినా అది ఏ జాతి పక్షో వలయం చెప్పదు. అందుకోసం ఎవరో ఒకరు తెల్లవారకముందే దూరదర్శినితో ఆ చోటికి వెళ్లవలసిందే.