పుట్టుకతో రాణి ఎవరు?

చక్కగా పాడే పిల్లను చూసి "పుట్టుకతోనే వచ్చింది" అంటాం. లెక్కలు రాని పిల్లవాణ్ని గురించీ అదే మాట. మెచ్చుకోలుగా అన్నా, తీసిపారేస్తూ అన్నా, వెనకున్న నమ్మకం ఒకటే: అది రక్తంలో ఉంది, ఇక మారదు అని. ఈ నమ్మకాన్ని ఒక కందిరీగ దగ్గర పరీక్షించి చూడవచ్చు.

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్, ఆయన విద్యార్థులు దశాబ్దాలపాటు రోపలీడియా మార్జినాటా అనే కందిరీగను గమనించారు. గూటికి ఒకే రాణి. గుడ్లు పెట్టేది అదే. తక్కిన ఆడవి చాకిరీ చేస్తాయి. తేనెటీగల్లో రాణి ఒళ్లే వేరు. ఇక్కడ రాణికీ పనికత్తెలకూ ఆకారంలో తేడా లేదు.

అప్పుడే రెక్కలొచ్చిన ఆడ కందిరీగలను ఒక్కొక్కదాన్నీ విడిగా ఉంచి, కడుపునిండా తిండి పెట్టారు. పెత్తనం చేసే రాణి లేదు, పోటీ లేదు. అయినా దాదాపు సగమే గూడు కట్టి గుడ్లు పెట్టాయి. మిగిలినవి పెట్టకుండానే చనిపోయాయి. 1988లో ఈ ఫలితం అచ్చయింది. అంటే రెక్కలు రాకముందే కొంత తేలిపోయిందన్నమాట!

అయితే తేల్చింది జన్యువులేనా? 1991లో వచ్చిన మరో పరిశోధన లార్వా దశలో దొరికిన తిండివైపు వేలు చూపింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. పుట్టేసరికి ఉన్న గుణమంతా వంశం నుంచే రానక్కర్లేదు. ఎవరు ఎంత పెట్టారన్నదీ అందులో కలిసి ఉంటుంది. మనుషుల విషయంలో "వాళ్ల పుట్టుకే అంత" అని తేల్చేసే ముందు, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ బిడ్డకు ఏం అందిందో అడగాలి.

పుట్టాక కూడా ఈ కందిరీగల్లో వయసు పనిని మారుస్తుంది. చిన్నవి గూట్లో లార్వాలకు తినిపిస్తాయి, ముదిరినవి బయటికెళ్లి ఆహారం తెస్తాయి. ముదిరినవాటిని తీసేస్తే, చిన్నవాటిలోనే కొన్ని ముందుగా వేటకు బయల్దేరతాయి.

రాణిని తీసేసినప్పుడు జరిగేది మరీ విచిత్రం. నిమిషాల్లో ఒక పనికత్తె విపరీతంగా దూకుడు చూపిస్తుంది. తక్కినవి ఎదురు తిరగవు. కొన్నాళ్లకు అది గుడ్లు పెడుతుంది, దూకుడు తగ్గి సాధువవుతుంది. ఆ వారసురాలినీ తీసేస్తే ఇంకొకటి ముందుకొస్తుంది. పోట్లాట లేదు కాబట్టి వరస వాటికి ముందే తెలుసనిపిస్తుంది. పాత రాణి ఉండగా మాత్రం, ఫలానాదే తర్వాతి రాణి అని ప్రవర్తన చూసి చెప్పడం పరిశోధకులకు సాధ్యం కాలేదు.