కారూ - కాలూ

కొత్తగా కారు కొన్నవారిని చూడబోతే, కాఫీ చేతికి రాకముందే మనమడిగే ప్రశ్న ఒకటున్నది: "మైలేజీ ఎంత ఇస్తుందండీ?"

మైళ్ళు మన రోడ్లమీదనుంచి వెళ్ళిపోయి దశాబ్దాలైనా మైలేజీ మాత్రం నిలిచిపోయింది. దానితో నాకు తగాదా లేదు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా తగాదా అంతా ఆ వాక్యంలోని కర్తతో. ఇచ్చేది కారట! నడిపేవారి కుడికాలికి ఇందులో ప్రమేయమే లేనట్టు! మా వీధిలో ఇద్దరికి ఒకే కంపెనీవారి ఒకే రకం కార్లున్నాయి. ఒకరికి లీటరుకు 18 కిలోమీటర్లు వస్తుంటే, రెండోవారికి 13 దాటవు.

ఆ రెండోవారి పక్కన ఒకసారి కూర్చున్నాను. ఎర్రదీపం అల్లంత దూరాన్నుంచే కనబడుతున్నది. అయినా ఆయన కాలు యాక్సిలరేటరు మీదనే ఉన్నది. తీరా దగ్గరకు వచ్చాక బ్రేకు గట్టిగా తొక్కారు. కారు పరుగుకోసం కాల్చిన పెట్రోలు బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. ముందే కాలు తీసి ఉంటే ఆ నాలుగడుగులూ కారు తనంతట తానే వచ్చేది.

వేగం సంగతి కూడా ఇంతే. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం పొదుపైనదని పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చి అసోసియేషన్ వారు చెబుతూ వచ్చారు. వేగం 50 నుంచి 100కు పెరిగితే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. 200 కిలోమీటర్ల ప్రయాణం 100 బదులు 80తో చేస్తే ఆలస్యమయ్యేది అరగంట. ఇడ్లీల దగ్గర అంతకంటే ఎక్కువసేపే కూర్చుంటాం గదా!

మా బావగారిది మరో రకం పొదుపు. తిరుమల కొండ దిగుతూ కారును న్యూట్రల్‌లో వేశారు.

"బావగారూ, గేరులో వేయండి," అన్నాను.

"పెట్రోలు మిగులుతుందోయ్, నీకు తెలియదు," అన్నారాయన. వెనకసీటులో మా అక్క గోవిందనామాలు అందుకున్నది.

కొండకింద మెకానిక్కు చెప్పాక గాని ఆయన నమ్మలేదు. ఈనాటి కార్లలో గేరు ఉంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. లోపలి కంప్యూటరు పెట్రోలును ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా భారమంతా బ్రేకులమీద పడి, అవి కాగి, పట్టు సడలే ప్రమాదమున్నది. మిగిలేదేమీ లేదు, పోయేది ప్రాణం.

టైర్లలో గాలి తగ్గినా, డిక్కీలో పాత సామాను ఊరేగుతున్నా పెట్రోలు ఎక్కువే తాగుతుంది. ఇది అందరికీ తెలిసినదే, చేసేవారే తక్కువ.

డబ్బు మనది, పోతే పోనీ అనుకోవచ్చు. పొగ సంగతి అలా కాదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు పుడుతుంది. ముప్పావుకిలో బరువున్న లీటరులోనుంచి అంత ఎలా వస్తుందని బావగారి సందేహం. పెట్రోలులోని కార్బన్ గాలిలోని ఆక్సిజనును కలుపుకుంటుంది. ఆ బరువే అది. భూమిని వేడెక్కించేది ఈ వాయువే.

దగ్గరి హాని వేరే ఉన్నది. మా అమ్మాయి బడి గేటు ముందు సాయంత్రం కార్ల వరుస చూడాలి. ఎ.సి. కోసం ఎవరూ ఇంజను ఆపరు. నిలబడ్డ కారు గంటకు అర లీటరు నుంచి లీటరుదాకా కాలుస్తుంది. ఎల్.కె.జి. పిల్లల ముక్కులు మనకంటే పొగగొట్టానికి దగ్గర. గేటు దగ్గర కుర్చీ వేసుకునే వాచ్‌మన్ పొద్దుగూకేసరికి తలనొప్పి అంటాడు.

"పొగేమీ కనబడదే!" అన్నాను.

"కనబడితే పక్కకు జరుగుదును గదండీ," అన్నాడు.

నిజమే, కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. 2020 అక్టోబరులో ఢిల్లీలో 'రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్' అని సిగ్నళ్ళ దగ్గర ప్రచారం చేశారు. మేము అంత హడావుడి చేయలేదు. అట్టముక్కమీద "దయచేసి ఇంజను ఆపండి" అని నేను రాసిస్తే అతను గేటుకు కట్టాడు. ఇప్పుడు ఐదారుగురు ఇంజను ఆపి, దిగి, వేపచెట్టు కింద నిలబడుతున్నారు. ఎండలు ముదిరాక ఆ నీడ ఎ.సి.తో ఏపాటి పోటీ పడుతుందో చూడాలి.