చేతిఫోను తెరపై ఎంపిక ఎవరిది?

రేడియో గల ఇంటిలో ఏ వేళకు ఏ కార్యక్రమము వచ్చునో ముందుగనే తెలియును. ఈ పత్రిక వెలువడుటయే అందుకొరకు. వ్యవసాయ ప్రసంగము వలయువారు ఆ వేళకు మీట త్రిప్పుదురు; వలదనుకొన్నవారు కట్టివేయుదురు. కార్యక్రమములను ఏర్చి కూర్చినవారి అభిరుచి మనకు నచ్చినను నచ్చకున్నను, వారి ఎంపిక అచ్చుపడి అందరి ఎదుటను ఉండును. అరకులోని ఇంటికిని అనకాపల్లిలోని ఇంటికిని పట్టిక ఒక్కటే. చేతిఫోనులో యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తెరచినపుడు కనబడు వరుసకు ఇట్టి పట్టిక లేదు. ఒకే అరుగుమీద కూర్చున్న ఇద్దరికి రెండు వేరు వరుసలు కనబడును. ఆ వరుసను కూర్చునది ఏది, అందులో మన మాట చెల్లించుకొనుట ఎట్లు అను సంగతులను ఇచట వివరింపదలచితిమి.

తూర్పు కనుమల పల్లెలలో పెక్కింటికి ఈ ప్రశ్న ఇటీవలనే వచ్చినది. 2023 జూన్ నెలలో రాష్ట్రమున ఒక్కమారుగా 100 సెల్‌ఫోను టవర్లు ప్రారంభింపబడగా, వానిలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. సిగ్నల్ కొరకు మెట్ట ఎక్కి నిలువవలసిన ఊళ్లకు ఇది గొప్ప మేలు. ఐతే క్రొత్త బాట పడినపుడు ఆ బాటను వైద్యుడును వచ్చును, గారడీవాడును వచ్చును.

వరుసను కూర్చునది మనిషి కాదు, ఒక లెక్క. దానిని అల్గారిథమ్ అందురు. 9వ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరునుండి ఈ మాట పుట్టినది. ఒక పని సాధించుటకు వరుసగా ఏర్పరచిన మెట్లు అని దాని భావము. ఆ మాటకు వచ్చిన, గంజి కాచు విధానము కూడ అల్గారిథమే. సామాజిక మాధ్యమములలోని లెక్క నడచు తీరు తెలియవలెనన్న, వారపు సంతలోని ఒక గడుసు వర్తకుని తలచుకొందము. మీరేమి కొనిరో అన్నదానికంటె, ఏ కుప్ప యెదుట ఎంతసేపు నిలిచిరో అతడు గుర్తుంచుకొనును. మరుసటి వారము ఆ కుప్పనే ముందు పెట్టును. మీవలె అచట నిలిచినవారు తరువాత ఏ కుప్పకు నడచిరో అదియును జ్ఞాపకముంచుకొని, దానిని ప్రక్కనే పేర్చును. మీకు ఉప్పు అవసరమని అతనికి తెలియదు. మీ కాళ్లు ఆగిన చోటు మాత్రమే తెలియును.

యూట్యూబ్ సంస్థ 2012లో ఈ దారి పట్టెను: ఎన్నిమారులు తెరచిరి అన్న లెక్కకంటె ఎంతసేపు చూచిరి అన్న లెక్కకు ప్రాధాన్యమిచ్చెను. తమ తెరపై జనులు గడుపు కాలములో 70 శాతమునకు పైగా యంత్రము సూచించిన దృశ్యములతోనే గడచునని 2018 జనవరిలో ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు చెప్పియుండిరి. ఇష్టపడి చూచినను, కోపముతో చూచినను, "ఎంత అబద్ధము!" అనుకొనుచు తుదివరకు చూచినను, నిలిచిన క్షణములు చాలవరకు ఒకే పద్దులో చేరును.

కొండ గ్రామములలో దీనికి తోడు మరియొక చిక్కు కలదు. పట్టణమున మనిషికొక ఫోను; ఇచట పెక్కిండ్లలో ఇంటికొక ఫోను. పగలు తండ్రి జేబులోను, సాయంకాలము పిల్లల చేతులలోను, రాత్రి తల్లి చేతిలోను ఉండును. యంత్రమునకు మాత్రము వీరందరును ఒకే మనిషి. మనుమడు గంటసేపు చూచిన కుస్తీపట్లు తెల్లవారి తాతగారి తెరపై ప్రత్యక్షమగును. అది నవ్వి ఊరకొనదగినదే. ఇంటి పెద్దలు ఎవరో ఒకరాత్రి చూచిన బూతు హాస్యము మరునాడు ఎనిమిదేండ్ల పిల్ల యెదుటికి వచ్చుట నవ్వదగినది కాదు.

పంట విషయమున ఈ లెక్క ఎంత నష్టము చేయగలదో చూడుడు. 2025లో అరకు ప్రాంతపు కాఫీ తోటలలో కాయతొలుచు పురుగు కనబడెను. ఇది మిక్కిలి చిన్న నల్లని పెంకుపురుగు. కాయ బొడ్డువద్ద సూదిబెజ్జము చేసి లోపలి గింజను తినును. పురుగు పట్టిన కాయలను, నేల రాలిన కాయలను ఏరి, మరుగు నీట ముంచి, పూడ్చిపెట్టవలెను. ఇది ఓపికతో చేయవలసిన పని. చూచుటకు వేడుకైనది కాదు. ఒక రైతు ఫోనులో పురుగు పేరు చెప్పి వెదకెననుకొందము. శాస్త్రజ్ఞుడు నిదానముగా చెప్పుచున్న దృశ్యమును రెండు నిమిషములు చూచి విడిచెను. దాని క్రిందనే "ఒక్క చుక్కతో పురుగు మాయము" అన్నది కనబడగా తుదివరకు చూచెను. యంత్రము గ్రహించినది ఇంతే: ఈ మనిషికి చుక్కల మందు ప్రియము. నాటినుండి అట్టివే పది వచ్చును. రైతు మోసపోవుటకు ఎవరును కుట్ర పన్నలేదు. లెక్క తన పని తాను చేసినది. ఇట్టి సంగతులకు తెర ఇచ్చు సూచనపై ఆధారపడక, కాఫీ బోర్డు పేరుననో, చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానము పేరుననో స్వయముగా వెదకవలెను, ఆర్.వి.నగర్ కాఫీ పరిశోధనా కేంద్రమునో, పాడేరు ఐ.టి.డి.ఎ. సిబ్బందినో అడుగుట అంతకంటెను మేలు.

ఇక మన చేతనున్న ఉపాయములు. ప్రతి దృశ్యము ప్రక్కను మూడు చుక్కల గుర్తు ఉండును. దానిని నొక్కిన "ఆసక్తి లేదు" అనియు, "ఈ ఛానెల్‌ను సూచింపవద్దు" అనియు అర్థమిచ్చు మీటలు కనబడును. ఇవి పనిచేయునా? మొజిల్లా అను సంస్థ 20,000 మందికి పైగా స్వచ్ఛందముగా పాల్గొన్న పరిశీలన ఫలితములను 2022లో ప్రకటించినది. ఆసక్తి లేదన్న మీట వలదన్న జాతి దృశ్యములలో 11 శాతమును మాత్రమే ఆపినదట. ఛానెల్‌నే వలదన్న మీట 43 శాతమును ఆపినదట. యూట్యూబ్ సంస్థ ఈ నిర్ణయమును అంగీకరింపలేదు. మా అభిప్రాయమున రెండవ మీటనే వాడుట మంచిది; దానిని నొక్కి అంతటితో నిశ్చింతగా ఉండరాదు.

మరియొక ఉపాయము చూచిన వాని చిట్టా. యంత్రము ముఖ్యముగా దీనినుండియే మనలను ఊహించును. చిట్టాలో వలదన్నదానిని తొలగింపవచ్చును, మొత్తము చెరిపివేయవచ్చును, వ్రాయకుండ నిలిపివేయవచ్చును. 2023 ఆగస్టునుండి, చిట్టా నిలిపివేసి పాత చిట్టా కూడ అంతగా లేనివారికి యూట్యూబ్ తొలిపుట దాదాపు ఖాళీగా కనబడును. ఆ ఖాళీ తెరను చూచి ఫోను చెడినదని భయపడ పనిలేదు. ఒకే ఫోను గల ఇంటివారు పిల్లలకు ఇచ్చునపుడు చిట్టాను నిలిపివేయుటయో, పిల్లలకు వేరు ఖాతా తెరచుటయో చేసిన, తాతగారికి కుస్తీల బెడద తప్పును. ఫేస్‌బుక్‌లో 2022 జూలైనుండి మిత్రులు వ్రాసినవి మాత్రము కాలక్రమమున చూపు వేరొక పుట కలదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మనము అనుసరించువారివే చూచు వీలు 2022లో వచ్చినది. సూచనలన్నిటిని తుడిచి క్రొత్తగా మొదలిడు మీటను 2024 నవంబరులో ప్రకటించిరి.

ఐరోపాలో 2023 ఆగస్టునుండి పెద్ద మాధ్యమములన్నియు, వ్యక్తి అలవాట్లను లెక్కగొనని వరుస నొకదానినైనను చూపి తీరవలెనని చట్టము. పారిస్‌లో అరకు కాఫీ త్రాగువానికి ఆ రక్షణ కలదు. దానిని పండించినవానికి ఆ చట్టము వర్తింపదు.

తీసివేయుటయే కాదు, కోరి తెచ్చుకొనవలసినవియు కలవు. అరకు పేరు చెప్పినంతనే యంత్రము వంజంగి మేఘములను, పర్యాటకుల కొరకు ఆడు థింసాను ముందు పెట్టును. వానిని లక్షలమంది చూచిరి గనుక. కువి భాషలో ఒక ముసలామె చెప్పు కథను కొద్దిమందియే చూతురు. కొద్దిమంది చూచినదానికి పోలికలు దొరకవు. పోలికలు దొరకనిదానిని యంత్రము తనంత తాను తెచ్చి పెట్టుట అరుదు. అట్టివానిని పేరుతో వెదకి, దొరకినపుడు ఆ ఛానెల్‌ను సబ్‌స్క్రైబ్ చేసికొని, తరువాత తొలిపుటకు పోక నేరుగా ఆ జాబితానుండియే తెరచుట అలవరచుకొనవలెను. ఒక దృశ్యము ముగియగనే వేరొకటి తనంత తాను మొదలగు ఏర్పాటును కూడ కట్టివేయవచ్చును. ఈ పని నేడే చేసికొన్న, డేటా కొంత మిగులును. రాత్రి ఫోను గుండెమీద పెట్టుకొని నిద్రించువారి తెర తెల్లవారువరకు ఆడుచుండదు.