యంత్ర పరికరాల రియల్ టైమ్ నియంత్రణ: కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ ఎంపిక

గత భాగంలో సీఎన్‌సీ యంత్రం భాగాలను తెలుసుకున్నారు. కంప్యూటర్‌నూ యంత్రాన్నీ కలిపే ఇంటర్‌ఫేస్‌ను ఎలా ఎంచుకోవాలో ఇప్పుడు చూద్దాం.

రావులపాలెంలో తలుపులు చేసే ఒక షెడ్డు ఉందనుకోండి. సీఎన్‌సీ రూటర్ టేకు చెక్క మీద నగిషీ చెక్కుతోంది. మధ్యలో కంప్యూటర్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది. అక్కడి నుంచి గీతలన్నీ పక్కకు జరిగాయి. ఖరీదైన చెక్క పాడైంది. డిజైన్‌లో తప్పు లేదు. తప్పు ఇంటర్‌ఫేస్ ఎంపికలో ఉంది.

రియల్ టైమ్ అంటే కేవలం వేగం కాదు. ప్రతిసారీ గడువులోపల పని జరగడం. అరటి మార్కెట్ నుంచి బయలుదేరిన లారీ వందల గెలలు మోస్తుంది. కానీ గౌతమి వంతెన మీద ట్రాఫిక్ నిలిచిపోతే ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. ఇంటర్‌ఫేస్ ఎంత సమాచారం మోస్తుందన్నది ఒక ప్రశ్న, వేళకు చేరుస్తుందా అన్నది మరో ప్రశ్న. మనకు రెండోదే ముఖ్యం.

ఒక లెక్క చేద్దాం. స్టెప్పర్ మోటారు ఒక చుట్టు తిరగడానికి 2000 పల్స్‌లు కావాలి. ఆ చుట్టుకు స్క్రూ 5 మి.మీ. జరుపుతుంది. అంటే మి.మీ.కు 400 పల్స్‌లు. నిమిషానికి 1500 మి.మీ., అంటే సెకనుకు 25 మి.మీ. కదలాలంటే సెకనుకు 10,000 పల్స్‌లు పంపాలి. రెండు పల్స్‌ల మధ్య వ్యవధి 100 మైక్రోసెకన్లు. సాధారణ ఆపరేటింగ్ సిస్టమ్ 1 మిల్లీసెకను వేరే పనిలో పడితే 10 పల్స్‌ల సమయం ఖాళీగా పోతుంది. తిరిగి ఒక్కసారిగా అదే వేగం అందుకోవలసిన మోటారు స్టెప్పులు తప్పవచ్చు. ఎన్‌కోడర్ లేకపోతే ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

మన ముందున్న మార్గాలు మూడు:

1. ప్యారలల్ పోర్టు: కంప్యూటరే పల్స్‌లను నేరుగా పంపుతుంది. రియల్ టైమ్ కెర్నల్ మీద నడిచే లైనక్స్‌సీఎన్‌సీ వంటి సాఫ్ట్‌వేర్ ఉంటే చిన్న యంత్రాలకు సరిపోతుంది. కొత్త కంప్యూటర్లలో ఈ పోర్టు అరుదు.

2. యూఎస్‌బీ: ఫుల్ స్పీడ్‌లో దీని ఫ్రేమ్ 1 మిల్లీసెకను. కాబట్టి ఒక్కో పల్స్‌ను దీని మీదుగా పంపలేం. ఆదేశాలను ముందుగానే కంట్రోలర్ బోర్డు మెమరీకి పంపి, పల్స్‌లను బోర్డు చేతే తయారు చేయించాలి. జీఆర్‌బీఎల్ బోర్డులు ఇలాగే పనిచేస్తాయి.

3. ఈథర్‌నెట్: కంట్రోలర్ బోర్డుకు ప్రత్యేకంగా ఒక కేబుల్ కేటాయించాలి, ఇతర నెట్‌వర్క్‌తో కలపరాదు. అనేక సర్వో మోటార్లు కలిసి కదలాలంటే 2003లో బెకాఫ్ సంస్థ పరిచయం చేసిన ఈథర్‌క్యాట్ అనుకూలం.

ఈ మూడింటి నుంచి ఒక సూత్రం గ్రహించండి: గడువు ఎంత తక్కువైతే, ఆ పనిని యంత్రానికి అంత దగ్గరగా ఉన్న హార్డ్‌వేర్‌కు అప్పగించాలి.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌కూ వదలకండి. కంప్యూటర్ నిలిచిపోయినా మోటార్లకు విద్యుత్తు తెగేలా దానికి విడిగా వైరింగ్ ఉండాలి. చెక్క పోతే మరొకటి కొనవచ్చు. పనివాడి వేళ్లను కొనలేం.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై యంత్రాన్నే నిమిషానికి 3000 మి.మీ. వేగంతో నడపాలంటే రెండు పల్స్‌ల మధ్య వ్యవధి ఎంత? మీరు ఏ ఇంటర్‌ఫేస్ ఎంచుకుంటారు? ఎందుకు?