నల్ల కళ్లలో ప్రేమ కనిపిస్తుందా?

నందికొండలో లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళ్లినవాళ్లు మ్యూజియంలో బుద్ధుడి విగ్రహాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. పొడవాటి శిల్పఫలకాల ముందు కూడా కాస్త నిలబడాలి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో, ఇక్ష్వాకుల కాలంలో సున్నపురాయి మీద చెక్కినవి అవి. బుద్ధుడి కథలో ఒక ఘట్టానికీ మరో ఘట్టానికీ మధ్య చిన్న గడి, అందులో ఒక ప్రేమజంట. ఆ ముఖాలు ఎంత చిన్నవంటే కంట్లో భావం పలికించడానికి ఉలికి చోటే లేదు. అయినా ఎవరు ఎవరిని చూస్తున్నారో ఇట్టే తెలుస్తుంది. మెడ వంపు, నడుము తిరిగిన తీరు ఆ పని చేస్తాయి.

కళ్లకూ వలపుకూ ఉన్న సంబంధం గురించి సైన్సు మాట్లాడటం మొదలుపెట్టింది మాత్రం కనుపాపతో. కనుపాప నిజానికి ఒక రంధ్రం. దాని చుట్టూ ఉన్న ఐరిస్‌లో రెండు రకాల కండరాలుంటాయి. ఒకటి రంధ్రాన్ని బిగిస్తే, ఇంకొకటి తెరుస్తుంది. ఎర్రటి ఎండలో 2 మిల్లీమీటర్లున్న కనుపాప చీకట్లో 8 దాకా విప్పారుతుంది. మనసు ఉద్వేగపడినప్పుడు కూడా కొంచెం పెద్దదవుతుంది. గుండె దడను పెంచే నాడీవ్యవస్థే తెరిచే కండరాన్నీ లాగుతుంది కాబట్టి ఇది మన చేతుల్లో ఉండదు.

అమెరికాలో ఎకార్డ్ హెస్ అనే మనస్తత్వవేత్త 1960లో దీన్ని కొలిచి చూపాడు. తర్వాత ఒకే యువతి ఫొటోను రెండు ప్రతులు తీసి, ఒకదానిలో కనుపాపలను పెద్దవి చేసి మగవాళ్లకు చూపించాడు. పెద్ద పాపల ఫొటోకే వాళ్ల కళ్లు ఎక్కువగా స్పందించాయి. తేడా ఎక్కడుందో మాత్రం చాలామంది పట్టుకోలేకపోయారు. పత్రికలకు ఇంతకన్నా ఏం కావాలి? అదే హెస్ 1964లో మరో సంగతి కూడా చెప్పాడు: నోటిలెక్కగా గుణకారం చేస్తున్నప్పుడూ కనుపాప విప్పారుతుందని. దీనికి అంత ప్రచారం రాలేదు.

కనుపాపను మందుతోనూ పెంచవచ్చు. చెలక గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలో అట్రోపిన్ జాతి విషాలుంటాయి. కలుపు పీకిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ ఒక్క కంటి పాపే పెద్దదవుతుంది. ఇలాంటి విషమే ఉన్న బెల్లడోనా రసాన్ని ఒకప్పుడు ఇటలీలో స్త్రీలు అందం కోసం కంట్లో వేసుకునేవారట. దాంతో దగ్గరి చూపు మసకబారుతుంది. ఎదుట కూర్చున్న ప్రియుడి ముఖం వాళ్లకు సరిగా కనబడి ఉండదు! (ఉమ్మెత్తతో ఎవరూ ప్రయోగాలు చేయకండి, ప్రాణాలకే ముప్పు.)

అసలు చిక్కు మన దగ్గరే ఉంది. నీలి కంట్లో కనుపాప స్పష్టంగా కనిపిస్తుంది. మన ముదురు గోధుమరంగు కంట్లో, నాలుగడుగుల దూరం నుంచి, పాప ఎక్కడ ముగిసి ఐరిస్ ఎక్కడ మొదలైందో చెప్పడమే కష్టం. పైగా ఉద్వేగం వల్ల వచ్చే తేడా సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. కాబట్టి మన ప్రేమల భారమంతా కనుపాప మీద వేయడం నాకు సబబుగా తోచదు.

నల్ల కంట్లో బాగా కనిపించేది దాని పక్కనున్న తెలుపు. 1997లో కొబయాషి, కోషిమా అనే జపాన్ పరిశోధకులు రకరకాల కోతులు, వానరాల కళ్లను మనిషి కంటితో పోల్చారు. మనిషికే తెల్లగుడ్డు ఎక్కువగా బయటికి కనిపిస్తుందని తేల్చారు. కొన్ని చింపాంజీలకూ తెల్లగుడ్డు ఉంటుందని తర్వాత బయటపడింది, అది వేరే చర్చ. తెలుపు మీద నలుపు కాబట్టి చూపు ఎటు మళ్లినా దాగదు. ఓరచూపు దొరికిపోయేది అందుకే. కాటుక పెడితే కంటికీ చుట్టూ చర్మానికీ తేడా ఇంకా పెరుగుతుంది. ఈ తేడా సహజంగానే ఆడవాళ్ల ముఖాల్లో ఎక్కువని రిచర్డ్ రస్సెల్ 2009లో చూపించాడు. ఆయన చూసినవి తూర్పు ఆసియా, యూరప్ మూలాలవారి ముఖాలు. మన ముఖాల సంగతి ఎవరైనా కొలిస్తే బాగుండు.

చూపు ఎటు అన్నది తేల్చడానికి మెదడులో కణతల వైపున్న ఒక మడత పనిచేస్తుంది. కోతుల్లో ఆ భాగంలోని కొన్ని నాడీకణాలు కళ్లు, తల, ఒళ్లు ఏ దిక్కుకు తిరిగాయన్న దాన్ని బట్టి స్పందిస్తాయని డేవిడ్ పెరెట్ బృందం కనుగొంది. కన్ను సరిగా కనిపించకపోతే తల, తలా అందకపోతే ఒళ్లు. నాగార్జునకొండ శిల్పులు నమ్ముకున్నదీ ఈ వరసనే.

ఇక చూపు ఎదురుపడితే? 1989లో కెల్లర్‌మన్, లూయిస్, లెయిర్డ్ అనే పరిశోధకులు ముక్కూమొహం తెలియని ఆడామగల్ని జతలుగా కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూసుకోమన్నారు. ఇద్దరూ కళ్లలోకి చూసుకున్న జతల్లోనే అభిమానం ఎక్కువగా పెరిగింది. ఒకరు కళ్లు చూస్తుంటే రెండోవారు చేతులు చూసిన జతల్లో ఆ ఫలితం రాలేదు. మన పెళ్లిళ్లలో జీలకర్ర, బెల్లం నెత్తిన పెట్టి అడ్డుతెర దించగానే వధూవరులు ఒకరినొకరు చూసుకోవాలి. సరిగ్గా ఆ క్షణానే ఫొటోగ్రాఫర్ "ఇద్దరూ ఇటు చూడండి" అంటాడు.