పందెపు కారు వెనుకనున్న పనివారు

హనుమంతునిపాడు, కనిగిరి పరిసరములలో తిరునాళ్లకు బండలాగుడు పోటీ చూడనివారు అరుదు. ఒంగోలు జాతి ఎడ్లజత పెద్ద బండను కట్టుకొని బరిలోనికి దిగును. గడువులోపల ఎన్ని అడుగులు లాగినవో కొలిచి బహుమతి నిర్ణయింతురు. జనులు చూచునది ఎడ్లను. మైకులో వినబడునది యజమాని పేరు. తెల్లవారకముందే లేచి, ఉలవలు ఉడికించి పెట్టి, ఎడ్లకు నడక నేర్పిన జీతగాని పేరు ఎవ్వరును అడుగరు. ఆ మనిషి మరుసటి ఏడు వేరొక ఆసామి కొట్టమునకు మారినచో, ఎడ్ల నడకలోని తేడాను బట్టి పసిగట్టువారు బరి చుట్టు కూర్చున్న పెద్దలు మాత్రమే.

మోటారు పందెముల లోకములోను సంగతి ఇట్టిదే. అయితే అచ్చట ఒక్క కారు వెనుక ఉండు జీతగాండ్రు వందల కొలది. వారు ఏల వచ్చుచున్నారు, ఏల పోవుచున్నారు, వారి మీద పడు ఒత్తిడి ఎట్టిది అను విషయమును మేమిక్కడ కొంత వివరింప దలచితిమి. మన పిల్లలు కొందరు ఇంజనీరింగు చదివి అట్టి కొలువులను కోరుకొనుచున్న కాలమిది. కనుక ఈ సంగతి ఇంటివారికిని తెలిసియుండుట మంచిది.

మనకు అతి సమీపముగా జరిగిన పందెముతో ఆరంభింతము. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ చెంత, విద్యుచ్ఛక్తితో నడచు కార్ల ప్రపంచ పందెము జరిగినది. దీనిని ఫార్ములా ఈ అందురు. నగర వీధులనే కంచెలు కట్టి రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లకు పైబడిన బాటగా మార్చిరి. ఫ్రాన్సు దేశీయుడైన వెర్న్ గెలిచెను. మన దేశపు జట్టు మహీంద్రా. దాని చోదకులలో ఒకడైన ఆలివర్ రోలాండ్ ఆరవ స్థానములో వచ్చెను. సొంతగడ్డ మీద ఇది చెడ్డ ఫలితము కాదు. కాని చూచువారికి తెలియని సంగతి మరొకటి కలదు. ఆ జట్టును మొదటినుండి నడిపిన దిల్‌బాగ్ గిల్ అంతకు కొలది నెలల ముందే, 2022లో, పదవి విడిచి వెడలెను. కొత్త పెద్ద, కొత్త తరము కారు, సొంత దేశపు ప్రేక్షకులు: మూడును ఒకేసారి నెత్తిన బడినవి.

హైదరాబాదు పందెమునకు రెండు వారముల తరువాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో తదుపరి పందెము. అచ్చట కారు వెనుక చక్రముల సస్పెన్షను క్షేమకరము కాదని తోచగా, మహీంద్రా తన రెండు కార్లను పందెము నుండి ఉపసంహరించుకొనెను. ఆ మాట చెప్పుటకు ఎంత గుండె నిబ్బరము కావలెనో యోచింపుడు. వేలమైళ్లు పెట్టెలు మోసికొని వచ్చి, రాత్రింబవళ్లు బోల్టులు బిగించి, తుదకు కారును బయటికి తీయకుండ గుడారములోనే నిలిపిన మెకానిక్కుల మనసు ఎట్లుండును? మా దృష్టిలో ఆ నిర్ణయము గెలుపుకంటె తక్కువది కాదు. చోదకుని ప్రాణము పందెపు పాయింట్లకు అమ్ముడు పోలేదు. అయినను అట్టి దినములు జట్టును లోలోపల కోయును. ఆ ఏడు మే మాసములో, ఋతువు నడుమనే, రోలాండ్ జట్టును వీడెను. హైదరాబాదులో రెండవసారి 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన పందెమును జనవరిలోనే రద్దు చేసిరి.

ఇక పందెములలో పెద్దదియగు ఫార్ములా వన్. 1950లో మొదటి ప్రపంచ పోటీలో పందెములు ఏడు. 2024లోను 2025లోను ఇరువది నాలుగేసి. పెద్ద జట్టులో దాదాపు వేయిమంది పనిచేయుదురు. వీరిలో కారుతో నేరుగా పనిబడి పందెపు స్థలమునకు పోదగినవారు నియమము ప్రకారము 58 మంది మాత్రమే. తక్కినవారు కర్మాగారములో గీతలు గీయువారు, లెక్కలు కట్టువారు, గాలి సొరంగములో నమూనాలను పరీక్షించువారు.

ఆ 58 మందిలో చక్రములు మార్చువారి సంగతి వినుడు. ఇరువది మంది కారు చుట్టు మూగి నాలుగు చక్రములను ఊడదీసి కొత్తవి బిగింతురు. 2023లో ఖతర్ పందెమున మెక్లారెన్ జట్టువారు ఈ పనిని 1.80 సెకనులలో ముగించిరి. మనము ఒకసారి ఊపిరి పీల్చి విడుచునంతలో అయిపోయిన పని. ఒక నట్టు సరిగా కూర్చొనకపోయినచో ఆ చేయి ఎవరిదో కోట్లమంది టెలివిజనులో చూతురు. అదే మనిషి పగలంతయు మెకానిక్కు. చక్రము మార్చుట అతనికి అదనపు పని.

2024 చివర మూడు వారములు వరుసగా మూడు పందెములు పెట్టిరి. మొదటిది అమెరికాలోని లాస్‌వెగాసులో రాత్రిపూట, తరువాత ఖతర్, ఆ పిమ్మట అబుదాబి. లాస్‌వెగాసుకును ఖతర్‌కును గడియారములో పదకొండు గంటల తేడా. శరీరము ఏ దేశపు నిద్ర నిద్రించవలెను? చిన్న పిల్లలు గల తండ్రి, ముసలి తల్లి గల కొడుకు, ఎవరైనను ఎన్నేండ్లు ఇట్లు తిరుగగలరు? మన మెట్ట పల్లెల నుండి పనులకు హైదరాబాదు, బెంగుళూరు వలసపోవు కుటుంబములకు ఈ ప్రశ్నను విప్పి చెప్పనక్కరలేదు. జీతములో తేడా ఉన్నది గాని ఎడబాటులో లేదు.

అధికారులు కొంత ఉపశమనము కల్పించిరి. రాత్రి కొన్ని గంటలు పనివారు పందెపు ఆవరణలో ఉండరాదని 2011 నుండి నిషేధము కలదు. వేసవిలో కర్మాగారములను పదునాలుగు దినములు మూసివేయవలెను. మంచి నియమములే. కాని పని ఆపుమని చట్టము చేయవలసి వచ్చినదన్న, పని ఏ తీరున సాగుచుండెనో ఊహించుకొనవచ్చును.

2021లో మరొక నియమము వచ్చినది. ఒక జట్టు ఏడాదికి 14 కోట్ల 50 లక్షల డాలర్లకు మించి వ్యయము చేయరాదనియు, ఈ పరిమితి క్రమముగా తగ్గుననియు నిర్ణయించిరి. ధనిక జట్లకును పేద జట్లకును నడుమ అంతరము తగ్గించుట దీని ఉద్దేశము. అయితే చోదకుల జీతములును, జట్టులో అత్యధిక వేతనము పొందు ముగ్గురి జీతములును ఈ లెక్కలోనికి రావు. తక్కినవారివి వచ్చును. అనగా మెకానిక్కునకు జీతము పెంచిన, ఆ సొమ్ము కారు భాగముల సొమ్ములో తరుగును. ఈ ఏర్పాటులో న్యాయము సగమే ఉన్నదని మా అభిప్రాయము.

పనివారు జట్లు మారుటకు భూగోళము కూడ ఒక కారణము. ఫార్ములా వన్ జట్లలో అధిక భాగము ఇంగ్లండులోనే, సిల్వర్‌స్టోన్, బ్రాక్లీ, మిల్టన్ కీన్స్, బాన్‌బరీ, ఎన్‌స్టోన్ వంటి దగ్గర దగ్గర ఊళ్లలో ఉన్నవి. ఇల్లు మారకుండ, పిల్లల బడి మారకుండ, యజమానిని మాత్రము మార్చవచ్చును. మార్కాపురములో ఒక పలకల కార్ఖానా విడిచి ప్రక్క కార్ఖానాకు పోయినంత సులువు.

సులువే గాని, చేతిలోని రహస్యముల మాట ఏమి? అందుకొరకు యజమానులు ఒక ఉపాయము పన్నిరి. పెద్ద ఇంజనీరు వెళ్లెదనన్నచో కొన్ని నెలలు జీతమిచ్చి ఇంట కూర్చుండబెట్టుదురు. ఆ వ్యవధిలో అతని రహస్యములు పాతబడిపోవును. దీనికి వారు పెట్టిన పేరు తోటపని సెలవు. మన సీమలో తోటకు నీరు పెట్టుట సెలవు కాదు, ఆ పనికే వేరు సెలవు కావలెను! ఏడ్రియన్ న్యూయీ అను ప్రఖ్యాత రూపకర్త 2006 నుండి రెడ్‌బుల్ జట్టులో ఉండి, వెళ్లిపోవుచున్నట్లు 2024 మే 1న ప్రకటింపబడెను. కొత్త జట్టగు ఆస్టన్ మార్టినులో అడుగు పెట్టినది 2025 మార్చిలో.

ఆయన ఒక్కడే కాదు. రాబ్ మార్షల్ అను మరొక ఇంజనీరు రెడ్‌బుల్ విడిచి 2024 ఆరంభమున మెక్లారెన్ చేరెను. ఆ ఏడే మెక్లారెన్ జట్టు 1998 తరువాత మొదటిసారిగా జట్ల పోటీలో ప్రథమస్థానము గెలిచినది. ఒక్క మనిషి వలననే గెలిచిరనుట తప్పు. కాని అనుభవము కాళ్లున్నదనుట తప్పు కాదు. ఇరువది ఏండ్లు రెడ్‌బుల్‌ను నడిపి, చోదకులకు ఎనిమిది, జట్టునకు ఆరు ప్రపంచ విజయములు తెచ్చిన క్రిస్టియన్ హార్నర్‌ను 2025 జూలై 9న బాధ్యతల నుండి తొలగించిరి. ఆల్పైన్ జట్టులోనైతే 2023 జూలై నుండి 2025 మే లోపల ముగ్గురు నాయకులు దిగిపోయిరి. ఎన్‌స్టోనులో ముప్పది నాలుగేండ్లు పనిచేసిన అలన్ పెర్మేన్ కూడ మొదటి నాయకునితోపాటే, ఒక పందెపు శుక్రవారమున, వీడ్కోలు వార్త విన్నవాడు.

పోవుటకు ఇష్టపడని వారి కథ వేరు. విజయ్ మాల్యా స్థాపించిన ఫోర్స్ ఇండియా జట్టు 2016, 2017 సంవత్సరములలో నాలుగవ స్థానము పొందిన జట్టు. అప్పులు పెరిగి 2018 జూలైలో దివాలా అధికారుల చేతికి పోయినది. దాదాపు నాలుగు వందల కుటుంబముల జీతము ప్రశ్నార్థకమైనది. ఆ వ్యవహారమును న్యాయస్థానమునకు తెచ్చినవారిలో జట్టు చోదకుడు పెరెజ్ కూడ కలడు; జట్టు మూతపడకుండ ఉండుటకే అట్లు చేసితినని చెప్పెను. ఆ వారాంతమున హంగరీ పందెములో మెకానిక్కులు యథావిధిగా కార్లు సిద్ధము చేసిరి. ఆగస్టులో కొత్త యజమానులు వచ్చిరి. పాత పాయింట్లన్నియు పోయి సున్నతో ఆరంభించిన ఆ జట్టు, ఆ నెల బెల్జియములో అయిదవ, ఆరవ స్థానములు తెచ్చుకొనెను.

మహీంద్రా విషయము ముగింపవలసి యున్నది. మరుసటి ఋతువునకు ఇద్దరు కొత్త చోదకులను తెచ్చిరి. వారిలో నిక్ డి వ్రీస్ ఫార్ములా వన్ జట్టొకటి పది పందెములకే తీసివేసిన వాడు. 2025 నాటికి జట్టు నాలుగవ స్థానమునకు ఎక్కినది. ఆ ఏడే, నడిమధ్యలో వెడలిపోయిన రోలాండ్, నిస్సాన్ జట్టు కారులో ప్రపంచ విజేత అయ్యెను.