మానవ కణంలో పడుగు పేక - పరిశోధనకు తోడ్పడుతున్న విమెంటిన్ ప్రోటీన్

సిరిసిల్ల మరమగ్గాలపై పడుగు, పేక పోగులు కలిసినప్పుడే వస్త్రం రూపొందుతుంది. మానవ కణానికి సైతం అటువంటి అల్లికే ఆధారం. సన్నని ప్రోటీన్ పోగులతో ఏర్పడిన ఈ అల్లికను కణాస్థిపంజరం అంటారు. కణం ఆకృతి, కదలిక, విభజన దీనిపైనే ఆధారపడి ఉంటాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. ఈ ప్రాంత విద్యార్థులకు ఈ ప్రోటీన్లపై అవగాహన ఎంతో అవసరం.

మూడు రకాల పోగులు

కణాస్థిపంజరంలో ఆక్టిన్ పోగుల మందం సుమారు 7 నానోమీటర్లు కాగా, ట్యూబ్యులిన్‌తో ఏర్పడే సూక్ష్మనాళికల మందం సుమారు 25 నానోమీటర్లు. ఈ రెండింటి నడుమ సుమారు 10 నానోమీటర్ల మందంతో ఉండేవి మధ్యస్థ తంతువులు. 466 అమైనో ఆమ్లాలు గల విమెంటిన్ ఈ కోవకు చెందినదే. లాగినప్పుడు తెగిపోక సాగడం దీని ప్రత్యేకత.

తయారీ విధానం

పూర్వం విమెంటిన్‌ను పశువుల కంటి కటకాల నుండి సేకరించేవారు. జన్యు పునఃసంయోజన పరిజ్ఞానంతో మానవ విమెంటిన్‌నే నేరుగా తయారు చేసే వీలు కలిగింది. మానవ జన్యువు ప్రతిని ప్లాస్మిడ్ అనే వలయాకార డీఎన్ఏలో చేర్చి ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ప్రవేశపెడతారు. బ్యాక్టీరియాలో ఈ ప్రోటీన్ సాధారణంగా కరగని ముద్దలుగా పేరుకుంటుంది. ఆ ముద్దలను యూరియా ద్రావణంలో కరిగించి శుద్ధి చేస్తారు. రైతులు పైరుకు వేసే యూరియా, ఈ యూరియా రసాయనికంగా ఒక్కటే. అయితే ఇక్కడ అత్యంత శుద్ధమైనది వాడతారు. క్రమంగా యూరియాను తొలగించి, తగినంత లవణం కలిపినప్పుడు పోగులు వాటంతటవే ఏర్పడతాయి.

ఈ పరిజ్ఞానం తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇదే మార్గంలో, ఈస్ట్ కణాల సాయంతో హెపటైటిస్-బి టీకాను రూపొందించింది. విమెంటిన్ కుటుంబానికే చెందిన కేంద్రక లామిన్లపై హైదరాబాద్‌లోని సీసీఎంబీలో డాక్టర్ వీణా పర్నాయక్ బృందం పరిశోధనలు జరిపింది.

ఉపయోగాలు

కణితి ఏ రకం కణజాలం నుండి పుట్టిందో తెలుసుకునేందుకు వైద్యులు జరిపే పరీక్షలలో విమెంటిన్‌ను గుర్తించే ప్రతిరక్షకాలను వాడతారు. ఆ ప్రతిరక్షకాలు సరిగా పనిచేస్తున్నదీ లేనిదీ సరిచూడటానికి శుద్ధమైన విమెంటిన్ తోడ్పడుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతం గల పలువురి రక్తంలో, రసాయనిక మార్పుకు లోనైన విమెంటిన్‌పై ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. వాటిని కనుగొనే పరీక్షకు కూడా ఈ ప్రోటీనే మూలం.

పరిశోధనకు మాత్రమే

ఇటువంటి ప్రోటీన్ సీసాలపై "పరిశోధనకు మాత్రమే" అని ముద్రిస్తారు. దీనిని కీళ్ల నొప్పులకు మందుగా భావించరాదు. బ్యాక్టీరియా నుండి వచ్చిన అవశేషాలు శరీరంలోకి చేరితే తీవ్ర జ్వరం రావచ్చు. మందుకు జరిపే భద్రతా పరీక్షలు పరిశోధన సామగ్రికి జరగవు. జన్యు మార్పిడి జీవులతో పనిచేసే సంస్థలు 1989 నాటి కేంద్ర నిబంధనలను అనుసరించి జీవభద్రతా కమిటీని ఏర్పాటు చేసుకోవాలి. ఔషధమేదో, పరిశోధన పదార్థమేదో గుర్తించగలగడం విద్యార్థులకే గాక ప్రజలందరికీ మేలు చేస్తుంది.